ఎంగిలి లెక్క

ఎనభైల మొదట్లో నేను ఫార్మసీలో పీజీ చేస్తున్నాను. మనిషి మాత్ర మింగితే అది నెత్తుట్లోకి ఎంత ఎక్కుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఎప్పుడు దిగిపోతుంది అన్నది కంప్యూటర్ చేత లెక్క కట్టించడం నా పని. ఒంటిని ఒక బాన అనుకోవాలి. పైనుంచి మందు పడుతుంది, అడుగున చిల్లిలోంచి కారిపోతుంది. బాన ఎంత, చిల్లి ఎంత అని కంప్యూటర్ చెప్పాలి. మా కాలేజీలో కంప్యూటర్ ఎక్కడిది? లెక్కంతా చిల్లులుగా కొట్టిన కార్డుల కట్ట సంకన పెట్టుకుని ఇంజనీరింగ్ కాలేజీకి బస్సులో పోయేదాన్ని.

లెక్కకు మనుషులు కావాలి. సూది పేరెత్తితే ఎవరూ రారు. జ్వరం మాత్ర నెత్తుట్లో ఎంత ఉంటుందో ఉమ్మిలోనూ దాదాపు అంతే ఉంటుంది, ఉమ్మి పట్టుకురమ్మన్నారు మా గైడు సారు. వినగానే నాకు ఒళ్లు జలదరించింది. మట్టెవాడ బజారులో మా బాపుది, అంటే నాన్నది, ఇత్తడి సామాన్ల దుకాణం. మా ఇంట్లో చెంబు పెదవికి తగలకూడదు, ఎత్తి పోసుకోవాల్సిందే. అలాంటి ఇంటి ఆడపిల్ల గాజు గొట్టాలు పట్టుకుని బజారులో "జర ఉమ్మండి పెదనాయనా" అని తిరగాలి. సిగ్గుతో చచ్చిపోయాను.

అయినా బాపు చెప్పాడని చుట్టుపక్కల దుకాణాల వాళ్లంతా ఒప్పుకున్నారు. అందరికంటే ముందు బాపే మాత్ర మింగాడు. ఆడపిల్లకు ఇంత చదువెందుకని ఇదే బజారు ఆయన్ని ఎత్తిపొడిచింది, ఆయన వినలేదు. వాళ్లు గొట్టం చేతికి తీసుకోగానే నేను వీధి వైపు తిరిగి నిలబడేదాన్ని. చూడకపోవడమే మర్యాద కదా.

లెక్క వచ్చింది. కంప్యూటర్ ప్రకారం మా మట్టెవాడ షావుకార్లు ఒక్కొక్కరు ఏనుగంత ఉన్నారు. ఉమ్మిలో మందు మరీ పలచగా తేలింది, అంత పెద్ద బానలో పడితే తప్ప అలా పలచబడదు మరి. సారు ఆ కాగితం ల్యాబులో అందరి ముందూ పరిచి, "మీ బజార్ల మనుషులుంటరా అమ్మా, ఏనుగులుంటయా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. సెలవుల్లోపు లెక్క కుదరకపోతే ఈ పని మానేసి వేరేది ఎత్తుకోవాలన్నారు, అంటే ఏడాది పోయినట్టే. ఏడాది పోతే బజారుకు జవాబు చెప్పుకోవాల్సింది బాపు.

కార్డులన్నీ మళ్లీ చూసుకున్నాను. తప్పు లేదు. ఇక మళ్లీ గొట్టాలు పట్టుకుని బయలుదేరాను. ఈసారి మొహం తిప్పుకోలేదు. పక్క బట్టల దుకాణం పెదనాయన చెంబెత్తి ఒకసారి పుక్కిలించి ఊశాడు, మళ్లీ పుక్కిలించాడు, ఆఖరి పుక్కిలి నీళ్లు శుభ్రంగా గొట్టంలోకి వదిలాడు. అన్నిసార్లూ ఇలాగే ఇచ్చారా అని అడిగాను.

"మరి? ఆడపిల్ల చేతికి ఎంగిలి ఇస్తమా బిడ్డా? నోరు మంచిగ కడిగే ఇస్తున్నం, ఫికర్ చెయ్యకు."

ఎంత ప్రేమగా అన్నాడో. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నాకు కావాల్సింది ఆ ఎంగిలే అని ఎలా చెప్పను? చెప్పాను. ఆయన గొట్టం గల్లాపెట్టె మీద పెట్టేసి, పాపం తగులుతుందన్నాడు. మిగతావాళ్లదీ అదే మాట. పెదనాయన నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికి బజారంతా నా సంగతే.

గద్దె మీద కూర్చున్న బాపుకు చెప్పుకున్నాను. ఆయనా పుక్కిలించే ఇచ్చాడట. మర్నాడు దుకాణం తెరవగానే మాత్ర అడిగి మింగాడు. వేళకు నేను గొట్టం ఇచ్చాను. లోపలికి పోతాడనుకున్నాను. పోలేదు. పక్క దుకాణాల వాళ్లు చూస్తుండగా, బేరగాళ్లు నిలబడి ఉండగా, గద్దె మీదే గొట్టంలో ఉమ్మాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా మొహం చూడకుండానే చేయి చాపి "పట్టుకో బిడ్డా" అన్నాడు. గొట్టం ఇంకా వెచ్చగా ఉంది. భూమి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

కన్నతండ్రే ఇచ్చాక మాకేమొచ్చె అనుకుంటూ ఒక్కొక్కరే కదిలారు. ఏనుగులు మళ్లీ మనుషులయ్యారు. సారు ఈసారి కాగితం చూసి థీసిస్ రాసుకొమ్మన్నారు.

బైండు చేయించిన థీసిస్ తెచ్చి బాపు ఒడిలో పెట్టాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. పేజీలు తిప్పుతూ ఇందులో తన పేరుందా అని అడిగాడు. చిన్నబుచ్చుకుంటాడేమోనని మెల్లగా చెప్పాను, పేర్లు రాయరు బాపూ, నంబర్లే రాస్తరు, నీది ఒకటో నంబరు అని.

"మంచిదాయె" అన్నాడు ఊపిరి వదిలి. "రేపు నీ పిల్లలు చదివినా, బిడ్డ చేతుల ఎంగిలి పెట్టింది వాళ్ల తాతనే అని తెల్వదు."

నా పిల్లలకు ఆ పుస్తకం ఇప్పటిదాకా చూపించలేదు.