అప్పజెప్పించుకునే డాక్టరమ్మ

ఈరోజు ఆదివారం. మొన్న శుక్రవారం పొద్దున మా పిల్లల డాక్టరమ్మ గుండెపోటుతో పోయారు. ముందురోజు సాయంత్రమే నాకు ఫోన్ చేసి, "పెద్దమ్మగారూ, సోమవారం మనవరాలిని పరగడుపున తీసుకురండి, మత్తు ఇవ్వాలి" అన్నారు. మరచిపోయే అలవాటు నాకు లేదని తెలిసీ చెప్పారు. ఆ గొంతు చెవిలో ఉండగానే ఈ కబురు. ఇప్పటికీ నాకు నమ్మకం కుదరడం లేదు. ఏడుపు కూడా రావడం లేదు. ఆమె దగ్గరికి పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం, నిన్న ఆమె ఇంటి ముందు నేను విన్న ఒక మాట.

నా మనవరాలు వెన్నులో లోపంతో పుట్టింది. చిన్నప్పుడే ఆపరేషన్ అయింది గానీ, మూత్రపు సంచికి పోయే నరాలు మాట వినవు. మొదటిసారి విడవలూరు నుంచి నెల్లూరు వెళ్లినప్పుడు డాక్టరమ్మ బొమ్మలేమీ చూపించలేదు. "అందరూ పిడికిలి బిగించండి" అన్నారు. నా కొడుకు సిగ్గుపడ్డాడు. నేను బిగించాను.

"పాప సంచి ఇట్లా ఉంది. నీళ్లు పట్టవు. ఒత్తిడికి మూత్రం వెనక్కి, కిడ్నీల వైపు పోతుంది. మత్తు ఇచ్చి, మూత్రం వచ్చే దారినే సన్నటి కెమెరా గొట్టం పంపి, సంచి గోడకు అక్కడక్కడా చిన్న సూదులతో మందు వేస్తాం. కోత ఉండదు. అప్పుడు పిడికిలి వదులవుతుంది. ఇప్పుడు విప్పండి. విప్పిన చెయ్యి నీళ్లు పడుతుంది గానీ తనంతట తాను పారబోయలేదు. పారబోసేది ట్యూబు, రోజూ వేళకు మూత్రం దారిలో పెట్టి తీసే సన్న గొట్టం. కొన్ని నెలలకు మందు బలం తగ్గుతుంది, మళ్లీ వేయించాలి."

తరువాత, "ఇప్పుడు మీరు అప్పజెప్పండి" అన్నారు. తల ఊపితే ఆమెకు లెక్క కాదు. టీచరుగా నేను బడిలో ఎంతోమంది చేత పాఠాలు అప్పజెప్పించుకున్నాను. ఆరోజు నా చేతే అప్పజెప్పించుకున్నారు. ట్యూబు మాట వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పించారు.

పిల్లల దగ్గర ఆమె అబద్ధం ఆడలేదు. "నిద్రలో వేస్తాం, లేచాక కొంచెం మంట ఉంటుంది, మూత్రం ఎర్రగా కూడా రావచ్చు" అని వాళ్లకే చెప్పేవారు. అల్లరి చేస్తే సూది వేయిస్తానని కొడుకును బెదిరించిన ఒక తండ్రిని గదిలోంచి బయటికి పంపారు. ఇంట్లోని అవ్వాతాతలు తోడు రాకపోతే ఊరుకునేవారు కాదు. ఇంట్లో నీళ్ల బిందె వాళ్ల చేతిలో ఉంటుందని ఆమెకు తెలుసు.

ఒకసారి పులికాటు వైపు నుంచి ఒక అవ్వ మనవడితో వచ్చింది. "పొద్దు గూకినాక నీళ్లియ్యను మేడమ్. ఇస్తే పక్క తడుపుతాడు. బొంతలుతికేది నేనే గదా" అంది.

"నీళ్లు ఆపితే మురికి లోపలే నిలిచి కిడ్నీ చెడుతుంది అవ్వా. బొంత పోతే ఇంకోటి కుట్టుకోవచ్చు."

"కుట్టేదీ నేనే" అంది అవ్వ. డాక్టరమ్మ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. మళ్లీ వచ్చినప్పుడు ఆ పిల్లవాడి మెడలో నీళ్ల సీసా వేలాడుతూ ఉంది.

సూది పడ్డాక వాడి పక్క తడవడం మానింది. నయమైపోయిందనుకుని, చేపల వేటకు పోయే వాడి నాన్న ట్యూబులు పారేయించాడు. జ్వరంతో ఆస్పత్రిలో పడ్డాడు పిల్లవాడు. డాక్టరమ్మ ఆ తండ్రిని తిట్టలేదు. "నేనే సరిగ్గా అప్పజెప్పించుకోలేదు" అన్నారు.

నిన్న ఆమె ఇంటి ముందు అతనే భార్యతో అంటున్నాడు: "మేడమే లేదు. ఇంక సూదేంది, ట్యూబేంది. ఎవుర్ని నమ్మి పోతాం? మానేస్తాం."

గాజుపెట్టెలో డాక్టరమ్మ కుడిచెయ్యి విప్పి ఉంది. నా మనవరాలు చాలాసేపు దాన్నే చూసి, వచ్చి అతని ముందు నిలబడింది.

"మామా, పిడికిలి బిగించు."

"ఊరుకో పాపా."

"బిగించు. ఇప్పుడు విప్పు. పారబోసేది ఏంది?"

అతను భార్య వైపు చూశాడు. చెయ్యి మాత్రం విప్పే ఉంచాడు.

ఇక జరగాల్సినవి:

1. నా మనవరాలికి రేపటి ఇంజెక్షన్ ఆగదు. ఆమె దగ్గర పనిచేసిన చిన్న డాక్టరు వేస్తానన్నారు. ఏం చేయబోతున్నారో ఆయన చేత అప్పజెప్పించుకున్నాను.

2. సూది పడినా, పక్క తడవకపోయినా ట్యూబు మానకూడదు. మార్చాలంటే డాక్టరే చెప్పాలి.

3. నీళ్లు ఎన్ని తాగాలో డాక్టరును అడగండి. మీ అంతట మీరు ఆపొద్దు.

4. జ్వరం వస్తే మర్నాటి దాకా చూడొద్దు.

5. పిల్లవాడి నాన్న రేపు ఆస్పత్రి వరండాకు రావాలి. నా మనవరాలు మత్తు గదిలోకి పోయేముందు బల్ల మీద కూర్చుని ఉంటుంది, పిడికిలి బిగించి, అతను అప్పజెప్పేదాకా విప్పకుండా.