భజన తెంపింది సాయిలు మామ కాదు

నా సంగీత గురువు, బాన్సువాడ బజారులో బట్టలు కుట్టిన సాయిలు మామ మంగళవారం పొద్దున దివంగతుడయ్యాడు. వార్త వినగానే నిశ్చేష్టురాలినయ్యాను. ముందు దుఃఖం వచ్చింది, దాని వెనకే ఆగ్రహం వచ్చింది. సంస్మరణలో ఆగ్రహం తగదని పెద్దలంటారు. అననీయండి.

నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ జాకెట్టు కుట్టించడానికి వెళితే, నేను గడప మీద కూర్చుని కుట్టుమిషన్ రొదకు శ్రుతి కలిపి కూనిరాగం తీశానట. మామ తొక్కడం ఆపాడు. "అక్కా, గీ పోరి గొంతుల సరస్వతి ఉన్నది. రోజు నా దగ్గరికి తోలియ్యి" అన్నాడు.

ఆయనది శాస్త్రపాండిత్యం కాదు, కోటగిరి వైపు భజనల్లో విని ఆర్జించిన విద్య. చెవి మాత్రం నిక్కచ్చి. స్వరం తప్పితే, "కుట్టు పోయింది బిడ్డా, ఇప్పి మల్ల కుట్టు" అనేవాడు. ఒక్కనాడూ కసరలేదు. బాగా పాడిన రోజు పొగడకుండా తన చాయ్‌లో సగం సాసరులో పోసి నా ముందుకు జరిపేవాడు. నాకు అంతకు మించిన సన్మానం ఇంతవరకూ జరగలేదు.

ఆయన భజన మండలిలో హార్మోనియం వాయించేవాడు. మండలి ఏటా సప్తాహం చేసేది. ఏడు రోజులూ భజన తెగకూడదని నియమం. నా ఏడో ఏట, నాలుగో రోజు భోజనాల వేళ జనం పలచబడితే, మామ తన హార్మోనియం పెట్టె నా ముందుకు జరిపాడు. నేను వాయిస్తూ పాడాను. అంతలో మండలి పెద్ద చెయ్యి కడుక్కుని వచ్చాడు. "ఆడపోరి పెట్టె ముట్టుడేంది సాయిలూ?" అంటూ దాన్ని నా చేతుల కింది నుంచి లాక్కున్నాడు. నేను బిక్కచచ్చి నోరు మూశాను. భజన తెగింది.

తెంపినవాడు మండలి పెద్ద, నింద పడింది మామ మీద. సప్తాహ భంగం చేశాడని మండలి నుంచి వెళ్లగొట్టారు. "గాళ్ల మీద పగ మనకెందుకు బిడ్డా? నువ్వు పాడు, సాలు" అనేవాడు మామ. ఆయనది ఉదాత్త హృదయం. నాది కాదు.

మంగళవారం ఆ మండలి పెద్దే మామ ఇంటికి దండతో, మండలితో, హార్మోనియంతో వచ్చాడు. పాడె ముందు భజన చేస్తారట. గుమ్మంలోనే ఆపాను. "ఇయ్యాల గా పెట్టె గీ గడప దాటది పటేలా. దండేసి పోండ్రి" అన్నాను. నలుగురిలో తల దించుకున్నాడు. నాకు హాయిగా అనిపించింది, దాచుకోను. శ్మశానం, మా వైకుంఠధామం దాకా పాడె ముందు నేనొక్కదాన్నే పాడాను.

నిన్న ఆ పెద్దే తన ఐదేళ్ల మనుమరాలిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "మంచిగ పాడుతది బిడ్డా, జర నేర్పియ్యి" అన్నాడు. పాడించాను. నిజంగానే దివ్యమైన గొంతు. పొమ్మంటే మామ విద్యకే ద్రోహం.

"నేర్పుత. కని ఒక్క మాట. గా నాడు భజన ఎవలు తెంపిన్రో నీ నోటితోని నీ మనుమరాలికి చెప్పు. నేనింట" అన్నాను.

పిల్ల తాత ముఖంలోకే చూస్తోంది. ఆయన దాని వైపు తిరిగి "నేనే తెంపిన బిడ్డా" అన్నాడు.

మామా, నీవంటి గురువు ఈ ఊరికి మళ్లీ దొరకడు. తెంపింది తానేనని పెద్ద అన్న ఆ మాట నీవు వినవలసింది. ఇన్నేళ్లు చెప్పక, నీవు పోయిన మూడో రోజున చెప్పినందుకు ఆయనను నేను క్షమించలేదు. పిల్లను మాత్రం రేపటి నుంచి రమ్మన్నాను.