అనుకుందాం వదిన

మా వదినకు ఆఫీసులో పెట్టిన పేరు ‘అనుకుందాం’. భవనాలకు డిజైన్ చేసే ఇంజనీరు కదా, తెలియని అంకె ఎదురైతే లెక్కల మాస్టారిలా ‘ఇంత అనుకుందాం’ అని పని మొదలుపెడుతుంది. అసలు అంకె తేలేదాకా దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంచుతుంది. ఇంట్లోనూ అదే వరస. భోజనానికి వస్తావా అంటే ‘వస్తాననుకుందాం’ అంటుంది. మా అన్నయ్య ఈమెతో ఎలా నెట్టుకొస్తున్నాడో అని నేను ఆటపట్టించేదాన్ని. ఆడపడుచుని, నాకా మాత్రం హక్కుంది.

ఈ ఏడు మా అమ్మాయి చదివే బడి మీద ఇంకో అంతస్తు వేయాలనుకున్నారు. డిజైన్ వదిన ఆఫీసుకే వచ్చింది. పాత కట్టడం, నక్షలు ఎప్పుడో పోయాయి. పునాది ఎంత లోతుందో చూపించే కాగితం లేదు.

“ఆరడుగులండీ. మా నాన్న కట్టిస్తుంటే పక్కనే నిలబడి చూశాను” అన్నాడట బడి యజమాని.

వదిన ఆరడుగులు అనుకుని లెక్కలు వేసింది. ఎర్ర సున్నా చుట్టి, తవ్వి చూశాకే పని మొదలుపెట్టాలని కింద రాసింది. ఆమె పై అధికారికి తొందర. ఆ నక్షను శుభ్రంగా మళ్లీ గీయించి పంపించేశాడు. ఆ శుభ్రంలో సున్నా, కింది రాత రెండూ ఎగిరిపోయాయి.

సంగతి వదినకు తెలిసేసరికి పైన గోడలు లేస్తున్నాయి, కింద పిల్లలు పాఠాలు వింటున్నారు. ఆమె పోరు పడలేక చివరికి గేటు పక్కన గొయ్యి తవ్వారు. సరిగ్గా ఆరడుగులే ఉంది. ఆఫీసంతా ఒకటే నవ్వులట.

నిన్న సాయంత్రం వదిన అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా మిగతాది చెప్పింది. బడి వెనక గదుల ఇటుక వేరుగా ఉంది, అవి తర్వాత కట్టినవి కావచ్చు, అక్కడా తవ్వించండి అని అడిగిందట.

“ఒకచోట చూశాం కదమ్మా. వెనకా అంతే అనుకుందాం” అన్నాడట ఆ పై అధికారి.

ఇన్నాళ్లూ వెక్కిరించిన మాటే తీసుకెళ్లి ఆమెకే అప్పజెప్పాడు! నాకు ఒళ్లు మండింది.

“అనుకున్నాక కొలవాలి సార్. కొలవకపోతే అది కళ్లు మూసుకోవడమే అన్నాను. చాదస్తం అని నవ్వి పంపించేశాడు” అంది వదిన.

ఈ ఉదయం మా అమ్మాయి సంచి తగిలించుకుని ఆమె ముందు నిలబడింది.

“అత్తా, మా క్లాసు వెనకే కదా. వెళ్లనా?”

“వద్దు.”

వదిన నోట అంత ఖరాఖండీ మాట నేనెన్నడూ వినలేదు. పిల్లను దగ్గరికి లాక్కున్నాను. మన పిల్ల ఇంట్లోనే ఉంది కదా, చాలు అనిపించింది. వదిన అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

“ఎక్కడికి?”

“బడి గేటు దగ్గరికి. మిగతా పిల్లల్ని దింపడానికి తల్లులొచ్చే వేళయింది.”

“నీ ఆఫీసు సంగతి నువ్వే వీధిలో చెబితే ఉద్యోగం పోతుంది వదినా!”

“పోతుందనుకుందాం” అని గడియ తీసింది.