దొరసానికి మా పిల్ల నేర్పిన తెలుగు

మా ఊరి మిషను ఆస్పత్రికి కొత్త డాక్టరు గారు ఇంగ్లండు నుంచి భార్యతో సహా వచ్చినప్పుడు, ఆవిడకు తెలుగు ఎవరు నేర్పాలన్నది కాంపౌండులో పెద్ద చర్చ అయింది. పాస్టరమ్మ గారు నేను నేర్పుతానన్నారు. హైస్కూలు తెలుగు మాస్టారు నేనుండగా వేరేవాళ్లెందుకన్నారు. చివరికి నేర్పింది ఆరేళ్లు నిండని మా పిల్ల.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. మా ఆయన ఆ ఆస్పత్రిలో కాంపౌండరు. మా క్వార్టరుకీ డాక్టరు గారి బంగళాకీ మధ్య గోరింట కంచె ఒక్కటే అడ్డం. మా పిల్ల ఆ కంచె సందులోంచి దూరి వెళ్లి పగలంతా అక్కడే ఉండేది. బంగళాలో పాత వంటమనిషి ముసలివాడై మానేశాక దొరసాని మళ్లీ ఎవర్నీ పెట్టుకోలేదు. తన వంట తనే చేసుకోవాలి, తన సరుకులు తనే తెచ్చుకోవాలి అని ఆవిడ పట్టు. పట్టుకేం, బాగానే ఉంది. సంతలో ఏది ఏమిటో తెలియదు, అడుగుదామంటే నోట్లో మాట లేదు.

మా పిల్ల లెక్క వేరు. "అమ్మా, దొరసానమ్మకి మాటలు రావుగా. అందుకని చంటిపాప" అని నాకు పెద్ద ఆరిందాలా చెప్పింది. మాటలు రానివాళ్లు చంటిపాపలే గదా మరి! చంటివాళ్లకు ఏం నేర్పుతారో అదే నేర్పింది. అన్నాన్ని బువ్వ అనాలి. స్నానమంటే లాల. పడుకోవడం బజ్జోవడం. తీపి తినుబండారం ఏదైనా అప్పచ్చి. కారంగా ఉన్న ప్రతిదీ ఊఫ్. వరసలు కూడా తనవే అంటగట్టింది. మా అత్తగారు ఆవిడకు నాయనమ్మ, నేను అమ్మని. నాకు అప్పటికి ముప్పై లేవు, ఆవిడకు నలభై దాటాయి.

సంతకు ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్లేవాళ్లు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. దొరసాని బియ్యం అమ్మే ముసలాయన ముందు నిలబడి, "తాతా, బువ్వ ఇవ్వు" అంది. ఆయన బిత్తరపోయాడు.

"ఇదేందమ్మో! బువ్వ నా దగ్గర ఏడుంది? ఇంటికాడ మా ఆడోళ్లు వండుతారు!"

"అది కాదు తాతా, ఇది!" అని మా పిల్ల బస్తాలో చెయ్యి పెట్టి చూపించింది. చుట్టూ ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. దొరసాని కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే. మిరపకాయలామె అయితే ఆవిడ కనబడగానే, "రావమ్మా రా, కిలో ఊఫ్ కావాలా, అరకిలో ఊఫ్ చాలా?" అని కేకేసేది. ఒక ఆదివారం గుడి మెట్ల మీద పాస్టరు గారిని, "లాల పోసుకున్నావా?" అని అడిగింది దొరసాని. ఆ రోజు పాపం ఆయన ప్రసంగం సరిగ్గా సాగలేదు.

నాకు తల కొట్టేసినట్టయ్యేది. "మంచి మాటలు నేర్పవే, ఆవిణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నావు" అని పిల్లను కసిరేదాన్ని. మా అత్తగారు మాత్రం, "నవ్విన నాపచేనే పండుద్దిలే" అని దాన్ని వెనకేసుకొచ్చేది.

వంట కూడా అలాగే సాగింది. ఆవిడ బొగ్గుల కుంపటి మీద డేగిసాలో ఇసుక పోసి రొట్టె కాల్చేది. మా పిల్ల ఆ రొట్టెకు గోంగూర పచ్చడి పూసుకుని తినేది, ఆవిడకూ పెట్టేది. ఆవిడ కళ్లనీళ్లు కారుస్తూ "ఊఫ్, ఊఫ్" అంటూనే మళ్లీ చెయ్యి చాపేది. దోసకాయ పప్పు నేర్చుకోవడానికి మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటే, పక్కన మా పిల్ల నిలబడి, తాలింపు చిటపటమన్నప్పుడల్లా ఆవిడ చెయ్యి వెనక్కి లాగేది.

పత్తి తీతలు మొదలైన రోజుల్లో పిల్లకు జ్వరం వచ్చింది. మెదడువాపు అన్నారు. డాక్టరు గారు పిల్ల మంచం పక్కనుంచి కదల్లేదు, ఆయనే స్వయంగా గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్లారు. దక్కలేదు. ఆ సంగతి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

చావింట్లో పొయ్యి వెలిగించరు గనక కాంపౌండులో ఒక్కో ఇంటినుంచీ అన్నాలు వచ్చాయి. నేను ముట్టలేదు. వచ్చినవాళ్లంతా ఒకటే పాట, దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు అని. నా నోరు అసలే మంచిది కాదు. "మీ ఇంట్లో తీసుకుంటే అప్పుడు చెప్పండి" అనేశాను. ఆ తర్వాత నా దగ్గర కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

అప్పుడు దొరసాని వచ్చింది. గిన్నెలో మెత్తగా కలిపిన పప్పన్నం. నా ఎదురుగా నేలమీద చతికిలబడి, ముద్ద చేసి పట్టుకుని, "అమ్మా, బువ్వ. హాం తిను" అంది.

గొంతు దొరసానిదే. కానీ ఆ తల పక్కకు వంచడం, 'హాం' దగ్గర తనూ నోరు తెరవడం, చివర ఆ గారాల సాగదీత, అంతా నా పిల్లది. మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నోరు తెరిచాను. గిన్నెలో ఉన్నదంతా తిన్నాను.

అప్పట్నుంచీ ఆవిడ సంత నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చేది. బుట్ట దింపి, "అమ్మా, తాత బువ్వ ఇచ్చాడు. ఊఫ్ బోలెడు ఇచ్చారు" అని చెప్పేది. నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. ఇంకొంచెం మాట్లాడించాలని ఏదో ఒకటి అడిగేదాన్ని. మధ్యాహ్నం ఏం చేశావంటే, "బజ్జున్నా" అనేది. నన్ను అమ్మా అని పిలిచే మనిషి ఈ లోకంలో ఇంకెవరూ మిగల్లేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చిదంటారు. ఆవిడ వెళ్లాక ఏడ్చేదాన్ని, మర్నాటి కోసం కాచుకునేదాన్ని.

ఇంట్లోవాళ్లకు ఆ ఏడుపే కనబడింది. "ఆ మాటలు వినీ వినీ పుండు మానడంలేదయ్యా" అని పాస్టరమ్మ గారు మా ఆయనతో అన్నారట. మా ఆయన వెళ్లి డాక్టరు గారితో ఇంగ్లీషులో చెప్పారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నాకు తెలిసిందల్లా దొరసాని రావడం మానేసిందని, రోజూ సాయంత్రం తెలుగు మాస్టారు గొడుగు ఊపుకుంటూ బంగళాలోకి వెళ్తున్నారని. నా ఏడుపు చూసి విసుగెత్తిందేమో అనుకున్నాను.

మిరపకాయలు కల్లాలకెక్కాక ఒకరోజు వచ్చింది. కంచె సందులోంచి కాదు, ముందు గుమ్మంలోంచి.

"నమస్కారమండీ. మీ ఆరోగ్యం ఎలా ఉంది? నేను సంతకు వెళుతున్నాను. మీకు ఏమైనా తీసుకురమ్మంటారా?"

ఒక్క తప్పు లేదు. "బంగారంలాగా మాట్లాడుతున్నారే!" అని మా అత్తగారు మురిసిపోయింది. మా ఆయన నా మొహం వంక ఆశగా చూశారు. ఇదంతా వాళ్లు చేయించిందేనని అప్పుడు అర్థమైంది. వాళ్లమీద విరుచుకుపడదామనుకున్నాను. అందరూ నా మంచికే చేశారు, ఎవర్ని తిట్టను?

ఆవిణ్ణి కూర్చోబెట్టి, కంచంలో అన్నం వడ్డించి, "ఇదేంటి?" అని అడిగాను.

"అన్నం అండీ."

"కాదు. వేరే మాట ఉందిగా. అది అను."

ఆవిడ మొహం ఎర్రబడింది. నా చెయ్యి పట్టుకుంది. "ఆ మాట ఇక ఎప్పుడూ అననండీ. మీకు బాధ కలుగుతుందని నాకు తెలియలేదు. క్షమించండి."

"అనండి, మీ కాళ్లు పట్టుకుంటాను. ఒక్కసారి."

ఆవిడ మా ఆయన వైపు చూసి, భయపడుతూ, "బువ్వ" అంది. మాస్టారు వాచకంలోంచి చదివించినట్టు, శుభ్రంగా, ముక్కకు ముక్కగా. తల వంగలేదు. గారం లేదు. మళ్లీ అనమన్నాను. మళ్లీ అలాగే అంది. మూడోసారి అనమంటే కంచం పక్కకు జరిపి నన్ను దగ్గరకు లాక్కుంది.

మా ఆయన గోడకు ఆనుకుని అలాగే నేలమీదికి జారిపోయారు. నేను ఆవిడ ఒళ్లో తలపెట్టి, పిల్లను మట్టి చేసిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమురుతూ, "ఊరుకోండి, దయచేసి ఊరుకోండి" అంటూనే ఉంది, చక్కటి తెలుగులో.