అలుగుకు మూడు తాళాలు

నీటిపారుదల ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేసి తొంభైల నడుమ రిటైరయ్యాను. అన్నేళ్లలో నా చేతి మీదుగా ఒక్క కట్టా తెగలేదు. అది నా ప్రతిభే అని చెప్పుకోవచ్చు గానీ, నేను ఎక్కువ కాలం కుర్చీలో కూర్చుని కట్టల గురించి ఉత్తరాలు రాసినవాణ్ణి. ఉత్తరాలు తెగవు. రిటైరయ్యాక కూడా నాంపల్లి స్టేషను వెనక సందులో, కిరాయి ఇంట్లో, రోజూ ఉదయం ఏడింటికి డైరీ తెరిచి ఆకాశం ఎలా ఉందో, పాలు ఎన్నింటికి వచ్చాయో రాసుకునేవాణ్ణి. ఆ డైరీలు ముందు పెట్టుకునే ఇదంతా రాస్తున్నాను. కనుక ఇందులో నాకు అనుకూలంగా ఏమీ మార్చే వీల్లేదు.

ఆబిడ్స్‌లో మాకు అలవాటైన బట్టల దుకాణం ఒకటి ఉండేది. ఒక డిసెంబరులో క్రిస్మస్ బట్టల కోసం వెళ్తే యజమాని నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. ఆ మర్యాద చూసే అనుమానం రావలసింది.

"సార్, మీరు నీళ్ల ఆఫీసుల జేసిన్రు గద. మా తాత కట్టించిన కట్ట ఒకటుంది. జర జూసి, మంచిగుందని ఒక కాయితం రాసిస్తే చాలు."

"చూడకముందే మంచిగుందని ఎట్లా తెలుసు?"

"డెబ్బై ఏండ్ల సంది ఉన్నది సార్. మంచిగ లేకుంటె ఉంటదా?"

ఇంత బలమైన శాస్త్రీయ వాదన ముప్పై మూడేళ్ల నౌకరీలో నేను వినలేదు.

జనవరిలో గౌలిగూడలో బస్సెక్కి వెళ్లాను. రెండున్నర గంటల ప్రయాణం, ఆపైన మూడు కిలోమీటర్ల నడక. వాళ్ల తాత తన సొంత పట్టా భూమిలో, ఒక చిన్న వాగుకు అడ్డంగా మట్టికట్ట వేయించాడు. సొంత భూమిలోది కాబట్టి సర్కారు లెక్కల్లో లేదు. లెక్కల్లో లేదు కాబట్టి తనిఖీ లేదు. తనిఖీ లేదు కాబట్టి ఏ లోపమూ ఎవరూ కనిపెట్టలేదు. కట్ట కింద పన్నెండు ఇళ్లు. అందులో మొదటిది నీరటిది. తూము తీసి పొలాలకు నీళ్లు వదిలి, మళ్లీ మూయడం అతని పని. అతని తండ్రీ, తాతా చేసినదీ అదే.

కట్ట మీద తుమ్మచెట్లు మొలిచాయి, ఒకచోట ఎలుకలు బొరియలు చేశాయి. ఇవన్నీ నేను ఊహించినవే. ఊహించనిది అలుగు. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు తమంతట తాము పొర్లిపోవడానికి కట్ట చివర వదిలే రాతి దారే అలుగు. దానికి మనిషి అక్కరలేదు, అనుమతి అక్కరలేదు. అదే దాని గొప్పతనం. ఇక్కడ ఆ దారికి నిలువెత్తు ఇనుప జాలీ తలుపు బిగించి, దానికి మూడు తాళాలు వేశారు. ఒక్కొక్క తాళం మీద ఎర్ర రంగుతో ఒక్కొక్క దుకాణం పేరు. ఆ తాత మనవలు ముగ్గురి దుకాణాలవి.

"ఇదేందయ్యా?" అన్నాను.

"చాపలు సారూ," అన్నాడు నీరటి. "నీళ్లతోని చాపలు కిందికి పోతయని జాలి పెట్టిన్రు. పెద్దసారు రాత్రికి తలుపు దీసి చాపలు గుంజుకుంటడని నడిపిసారు తాళమేసిండు. నడిపిసారు గుంజుకుంటడని పెద్దసారు ఏసిండు. ఇద్దరు కలిసి గుంజుకుంటరని చిన్నసారు ఏసిండు."

"జాలీకి నాచు, చెత్త పట్టుకుంటే నీళ్లెట్లా పోతాయి?"

"పోవు సారూ."

"పోకపోతే?"

అతను కట్ట వైపు చూపించి, తర్వాత తన ఇంటి వైపు చూపించాడు. నేను తర్వాత రాసిన పదకొండు పేజీల నివేదికలో ఉన్నది కూడా ఇంతే. కాకపోతే అది ఇంగ్లీషులో ఉంది.

ఆ నివేదిక మీద ఆబిడ్స్ దుకాణంలో, పై అంతస్తులో, సమావేశం జరిగింది. ముగ్గురు అన్నదమ్ములూ మూడు మూలల్లో కూర్చున్నారు. పెద్దాయన అంటే నన్ను పిలిచిన ఈ బట్టల దుకాణం యజమానే. నడిపివాడికి, అంటే మధ్యవాడికి, నాంపల్లిలో కళ్లద్దాల దుకాణం, చిన్నవాడికి కోఠీలో స్టీలు సామాన్ల హోల్‌సేల్. నేను చెప్పింది ఒకటే: వానలకు ముందే జాలీ తీసేయండి, లేకుంటే కనీసం తాళాలైనా తీయండి.

"నాదేమీ లేదు సార్, ఆళ్లిద్దరు తీస్తే నేను గూడ తీస్త," అన్నాడు పెద్దాయన.

"అన్న తీసినంక నాదెంతసేపు?" అన్నాడు నడిపివాడు.

"నేనేమన్న కాదన్ననా? ఇద్దరు తీసినట్టు నాకు కబురు రావాలె," అన్నాడు చిన్నవాడు.

ముగ్గురూ ఒప్పుకున్నారు. ఏకగ్రీవం. నేను కూడా సంతోషించి, 'తాళాలు తీయడానికి అందరూ అంగీకరించారు' అని డైరీలో రాసుకున్నాను. అందరూ అంగీకరించాక పని జరుగుతుందని నమ్మడం ఆఫీసు మనుషుల రోగం.

ఆగస్టులో మూడు రోజులు వాన విడవలేదు. మూడో రోజు ఉదయం ఎనిమిదీ ఇరవైకి మా ఇంటి ఫోన్ మోగింది. నీరటి, మండల కేంద్రంలోని ఎస్టీడీ బూత్ నుంచి.

"సారూ, జాలి మొత్తం చెత్త పట్టింది. నీళ్లు కట్టకు మూరెడు కిందున్నయ్. పోరగాండ్లను, ముసలోళ్లను బడికి తోలిన. తాళాలు పలగ్గొట్టాల్నా?"

ఆ క్షణంలో నేను అన్న మాట డైరీలో ఉంది. కొట్టేయలేదు. "తాళాలు ముట్టుకోకు. అవి నీవి కావు. నేను తాళంచెవులు తెస్తున్నాను, ఆగు."

మా ఆవిడ గొడుగు అందిస్తూ, "నీళ్లకు కూడా ఆగమని చెప్పారా?" అంది.

ఆబిడ్స్ రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లు. దుకాణం తెరవలేదు, పెద్దాయన పైనే ఉన్నాడు. తాళంచెవి వెంటనే ఇచ్చాడు. "గని సార్, ఆళ్లిద్దరివి తెరిచినంకనే నాది తెరువాలె. మాటియ్యిన్రి." ఇచ్చాను.

నాంపల్లిలో నడిపివాడు, "అన్న నిజంగ ఇచ్చిండా?" అని తాళంచెవి చేత్తో పట్టుకుని, తన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని పరీక్షించాడు. అయినా నమ్మక అన్నకు ఫోన్ చేశాడు. ఇద్దరూ చాలా నెలల తర్వాత మాట్లాడుకున్నారనుకుంటాను, వాన గురించి కాక ఇంకేవేవో పాత విషయాలు నడిచాయి. ముప్పావు గంట.

చిన్నవాడు కోఠీలో లేడు. మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల దుకాణం అరుగు మీద, వాన తగ్గేదాకా నిలబడి బత్తాయిలు బేరం చేస్తున్నాడు.

"ఇస్త సార్, ఫికర్ జెయ్యకున్రి. కాకపోతే తాళంచెవి మీకు ముట్టినట్టు ఒక రసీదు రాసియ్యిన్రి."

పండ్లు చుట్టే కాగితం మీద రసీదు రాసి సంతకం పెట్టాను. పెట్టినప్పుడు గడియారం చూసి టైము కూడా వేశాను. పన్నెండూ పది. అలవాటు.

కట్ట దగ్గరికి చేరేసరికి నాలుగు దాటింది. జేబులో మూడు తాళంచెవులు గలగలమంటున్నాయి. అలుగు దగ్గర జాలీ తలుపు పక్కకు పడి ఉంది. మూడు తాళాలూ పగిలి, వరసగా ఒక రాతి మీద పెట్టి ఉన్నాయి. నీళ్లు ఎర్రగా, హోరుగా పోతున్నాయి. నీరటి గడ్డపార మీద చేతులు పెట్టి కూర్చున్నాడు. ఫోన్ పెట్టేసి నేరుగా వచ్చి పది గంటలకల్లా కొట్టేశాడట. అప్పటికి నీళ్లు పెరిగి కట్ట అంచుకు జానెడు దూరంలోకి వచ్చాయట. నేను అప్పుడు నాంపల్లిలో అన్నదమ్ముల సంభాషణ వింటున్నాను. రెండు ఇళ్లలోకి కొంచెం నీళ్లు వచ్చాయి. పన్నెండూ నిలిచాయి.

"సారూ, మీరు జెప్పినట్టు ఇనలే," అన్నాడు తల దించుకుని.

నేను జేబులోంచి మూడు తాళంచెవులూ తీసి, పగిలిన తాళాల పక్కన పెట్టాను.

ఆ రాత్రి నేనూ బడిలోనే ఉండిపోయాను. మర్నాడు కబురు తెలిసి ముగ్గురు అన్నదమ్ములూ ఒకే కారులో వచ్చారు. వాళ్లను అంత దగ్గరగా కూర్చోబెట్టగలిగింది చేపల నష్టమే.

"పోలీస్‌టేషన్ల కంప్లెయింట్ ఇస్తం," అన్నాడు పెద్దాయన. "ఎవని సొమ్మని కొట్టిండు? గీన్ని ఇల్లు ఖాళీ జేయించి ఎల్లగొట్టాలె."

"లోపల ఏయించాలె అన్నా," అన్నాడు చిన్నవాడు.

నీరటి భార్య ఇంటి గుమ్మంలో నిలబడి వింటోంది. లోపల బియ్యం సంచులు మంచం మీదకెక్కించి ఉన్నాయి. ఆ ఇల్లు కూడా వాళ్ల భూమిలోదే.

"తాళాలు పగలగొట్టమన్నది నేను," అన్నాను. "ఫోన్‌లో చెప్పాను."

జీవితంలో నేను చెప్పిన అబద్ధాలు తక్కువ. అంత తేలిగ్గా నోటికి వచ్చింది అదొక్కటే. నీరటి తలెత్తి నన్ను చూశాడు. "ఔ, సారే జెప్పిండు," అన్నాడు.

"మరి తాళంచెవులకు ఎందుకొచ్చిన్రు సార్? రసీదు గూడ రాసిచ్చిన్రు!" అన్నాడు చిన్నవాడు.

"మీకు తెలియాలి కదా, మర్యాదకు," అన్నాను. "కంప్లెయింట్ ఇవ్వండి. నేనూ వస్తాను. అలుగుకు తాళం వేసిందెవరని పోలీసులు అడిగితే, పాపం వెతుక్కునే పని కూడా లేదు. తాళాల మీద మూడు దుకాణాల పేర్లూ రాసే ఉన్నాయి."

ముగ్గురూ రాతి మీది తాళాల వైపు చూశారు. ఎర్ర రంగు వానకు కూడా పోలేదు. మంచి రంగు.

"తాళాలు పాతయే అన్నా," అన్నాడు చిన్నవాడు.

"ఔ, తుప్పు గూడ పట్టినయ్," అన్నాడు నడిపివాడు.

జాలీ మళ్లీ పెట్టబోమని ఒక కాగితం రాసి ముగ్గురి చేతా సంతకాలు పెట్టించాను. ఎవరు ముందు పెట్టాలన్న దగ్గర కాసేపు ఆగింది. చివరికి పెద్దాయన పెట్టాడు, మిగతా ఇద్దరూ అది నిజంగా ఆయన సంతకమేనని చూసుకున్నాక పెట్టారు. కారు వెళ్లిపోయింది.

నీరటి నాతో బస్సు దాకా నడిచాడు. బస్సు కనిపించాక అడిగాడు.

"సారూ, మల్ల గిట్ల వానొస్తె మీకు ఫోన్ జెయ్యాల్నా?"

"చెయ్యి," అన్నాను. "ముందు నీ పని నువ్వు చూసుకుని, తర్వాత చెయ్యి."