నేను పారేయని మాత్రలు

కుర్రవయసులో నాకు దేవుడి మీద ఎంత నమ్మకముండేదో, చప్పట్ల మీద అంతకు రెండింతలుండేది. పెద్దకడుబూరు దగ్గర మా ఊళ్ళో మేమున్న సంఘం మహా కఠినమైనది. సినిమా పాపం, పూలు పాపం, మాత్ర మింగడమైతే దేవుణ్ణి నీవల్ల కాదనడమే. ప్రతి ఆదివారం ఒక్కొక్కరు లేచి, ఆ వారం దేవుడు తమకేం మేలు చేశాడో సాక్ష్యం చెప్పాలి. ఆదోని దూదిమిల్లులో బేళ్ళు మోసే నాకు వారం వారం ఏం మేలు జరుగుతుంది? (మేస్త్రీ చేసేవి చాలా ఉండేవిగానీ అవి సాక్ష్యానికి పనికిరావు.) అందుకని ఒకసారి, జ్వరమొస్తే మాత్రలు కాలవలో పారేసి ప్రార్థనతోనే లేచానని చెప్పాను. నిజానికి మూడు పూటలా మింగాను. జనం ఊగిపోయారు.

ఆ సాయంత్రం నన్ను పెంచిన మా అవ్వ మెల్లగా అంది: “నువ్వు మాత్రలు పారేసినావు గదప్పా, నేనూ కంటిచుక్కలు పారేసినా.” అవి మానితే చూపు పోతుందని ఎమ్మిగనూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. మర్నాడే బస్సెక్కి కొత్త సీసా తెచ్చి, అబద్ధమాడానని కాళ్ళు పట్టుకున్నాను. “సంగంలో సెప్పిన మాట ఇంట్లో తిప్పుకుంటావా? ఆడనే సెప్పు. అప్పుడేసుకుంటా” అంది. బుధవారం కూటం దాకా ఆగక తప్పలేదు.

కూటంలో లేచి, “నేను సెప్పింది అబద్ధం, మాత్రలు మింగినా” అన్నాను. “స్తోత్రం” అంది సంఘం. “నిజంగా మింగినా” అన్నాను. స్తోత్రం ఇంకా పెరిగింది. పాస్టరయ్య కళ్ళు తుడుచుకుంటూ, “సూడండప్పా, స్వస్థత పొంది గూడ తన్ను తాను ఎంత తగ్గించుకుంటాండాడో” అన్నాడు. మాత్రల రంగు చెప్పాను, కొన్న అంగడి చెప్పాను. డప్పు మొదలైంది. (తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, మండుతూనే నవ్వొస్తుంది.) అబద్ధానికి పడ్డ స్తోత్రాలే నిజానికీ పడుతుంటే, బైబిలుతోనే అక్షరాలు కూడబలుక్కున్న నా నమ్మకం ఆడనే కారిపోయింది. ఇక లాభం లేదని జేబులోంచి సీసా తీసి ఆడవాళ్ళ వరుసలోకి నడిచాను. అవ్వ మొహమెత్తింది. ఒక కంట్లో చుక్క వేశానో లేదో, డప్పు ఆగిపోయింది.

“బైటికి నడువు. మల్ల ఈ గడప తొక్కద్దు” అన్నాడు పాస్టరయ్య.

బయట చెప్పులు వెతుక్కుంటూ, అంతా పోయినా ఇంత తేలికగా ఉందేమిటా అనుకుంటుంటే, గోడ తడుముకుంటూ అవ్వ వచ్చింది. “ఇంగో కంట్లో ఎవురేస్తారురా?” అంది.

సంఘాన్ని ధిక్కరించిన మొనగాణ్ణి నేనేనని ఆ కథ చాలా ఏళ్ళు చెప్పుకు తిరిగాను. నన్నైతే గెంటారు. అవ్వను ఎవరూ పొమ్మనకున్నా తనే లేచొచ్చిందన్న సంగతి ఈ ముసలితనంలో తట్టి, ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.