మూడో సిలిండర్‌లో దిగని నూనె

మునెప్ప ట్రాక్టరు ఇంజను బ్లాకు పగలడానికి కారణం నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీలో కొలతలే ఉన్నాయి.

రెండేళ్ళ క్రితం వేసవిలో, డిప్లొమా పూర్తవగానే, అత్తిబెలె దగ్గర ఒక ట్రాక్టరు షాపులో ట్రైనీగా చేరాను. గోవిందప్ప మేస్త్రీ కింద పని. ఇప్పుడు ఆ వృత్తిలో లేను.

మునెప్ప బండి రెండు వానాకాలాలు ఆరుబయట నిలిచి, ఇంజను పట్టేసింది. అంటే పిస్టన్ల రింగులు తుప్పుతో సిలిండర్ గోడలకు అతుక్కుపోయాయి. వాన పడేలోగా రాగి చేను దున్నాలి. ఆయనకున్న ఆధారం ఆ బండే.

"మా ఎద్దు నిద్రపోతా ఉండాదప్పా, లేపు" అన్నాడు.

"ఎద్దయితే తోక మెలిపెడితే లేస్తాది" అని మేస్త్రీ నవ్వాడు.

ఇంజను పైమూత హెడ్డు దించి, మూడు సిలిండర్లలోనూ డీజిలు, ఇంజనాయిలు కలిపి పోశాం. రోజూ స్టీలు స్కేలుతో లోతు చూసి రాయడం నా పని. నూనె దిగుతోందంటే రింగుల పక్కన దారి దొరికినట్టు. మూడూ దిగేదాకా బలం పెట్టకూడదన్నది మేస్త్రీ నియమం. ఆ మోడలు సిలిండర్లకు మార్చుకునే విడి తొడుగులు, అంటే లైనర్లు, లేవు; గోడ చీలితే బ్లాకే పోతుంది.

నాలుగో రోజుకు రెండు దిగాయి. మూడోది నూలుపోగంత కూడా కదలలేదు. కంప్రెసరు మోగుతుండగా మేస్త్రీ అడిగాడు: "ఏమ్మా, మూడూ దిగినాయా?"

"ఊహూఁ" అన్నాను. ఆయనకు వినిపించింది "ఊఁ" మాత్రమే.

ఇద్దరు పనివాళ్ళని ఫ్లైవీలు చక్రం తిప్పడానికి గడ్డపారతో నిలబెట్టి, మూడో పిస్టను మీద కట్టె దిమ్మ ఉంచి సుత్తి ఎత్తాడు. చెప్పడానికి సమయం ఉంది. అంతమంది మగవాళ్ళ మధ్య గొంతెత్తడం చేతకాక, స్కేలు పట్టుకుని నిలబడ్డాను. కొన్ని దెబ్బలకే గోడ నిలువునా చీలింది.

హోసూరు దాకా వెతికినా అలాంటి బ్లాకు దొరకలేదు. నేను కొలత పొరబడ్డానని అనుకున్న మేస్త్రీ, "తొందరపడింది నేనే" అని యజమానికి చెప్పి నా పేరు రానివ్వలేదు. వారం తిరక్కుండానే ఆయన్ని పని మానిపించారు. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

కొలత తీసినవాళ్ళే దాన్ని అందరికీ వినబడేలా చెప్పాలి. అంతవరకు ఆ పని పూర్తికాదు. నేను నేర్చుకున్నది ఇంతే.

బండిని పాత ఇనుము కొనే గుజరీ లారీకి ఎక్కించిన రోజు మునెప్ప నా దగ్గరికి వచ్చాడు.

"నీ మింద నాకేం కోపం లేదు తల్లీ. ఆ మేస్త్రీ నిన్నొక మాట అడిగుంటే ఇట్లయ్యేది కాదు గదమ్మా."